రెడ్డెమ్మ విమానం టికెట్టు

మదనపల్లె, 1986

చెల్లెలు రెడ్డెమ్మకు,

నీకు అమ్మవారు పోసి పుంగనూరులో పడుకొని ఉంటే, మీ ఆయన కువైట్ నుంచి పంపిన విమానం టికెట్టు పట్టుకొని ఇక్కడి ఏజెంటు దగ్గరికి నేనే పోయాను.

"తక్కువ రేటు టికెట్టమ్మా. తేదీ మారదు, దుడ్లు తిరిగి రావు" అన్నాడు. నా పేరుకైనా మార్చొచ్చా అని అడిగాను. అదీ కుదరదట. పోతే పోయిందిలే అనుకున్నాను. నన్ను మా ఆయన కుప్పంలో రైలు కూడా ఎక్కించలేదు.

లేచి వస్తుంటే వెనక్కి పిలిచాడు. "డాక్టరు సర్టిఫికెట్టు తెస్తే తేదీ మారుస్తారు. విమానం పోయేలోగా తెచ్చియ్యాల సూడమ్మా."

అమ్మవారున్న ఇంట్లోకి మీ అత్త డాక్టరును రానివ్వదు. అందుకని శుక్రవారం డాక్టరమ్మ చేతికి వేపాకు ఇచ్చి పిలుచుకొస్తాను. చుట్టమని చెప్పు.

సుఖంగా పోయిరా. విమానంలో ఎట్లుండిందో మాత్రం నాకు రాయొద్దు.

మీ అక్క