వాసన తీసేసిన నూనె

అమ్మా,

ఈరోజు నీ సంవత్సరీకం. తనకల్లులో తమ్ముడింట్లో నీ ఫోటో ముందు ఆకు వేసి, నీకు నైవేద్యంగా ఎడ పెట్టాం. నీకిష్టమని వాడు వేడన్నంలో శెనక్కాయ కారంపొడి వేసి, పైన పచ్చినూనె పోశాడు. నాకు కారం ఘాటు తప్ప ఇంకే వాసనా రాలేదు. వంటింట్లో చూస్తే ప్యాకెట్ నూనె. వాడు పండించేది మాత్రం వేరుశనగే.

"గానుగ నూనె ఏమైందిరా?" అన్నాను.

"అది వాసనొస్తాదక్కా. ఇది బాగా శుద్ధి చేసిండేది. అందరూ ఇదే కొంటాండారు."

గుంతకల్లులో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నాకే శుద్ధి గురించి చెబుతున్నాడు. గానుగకు పంపే ముందు నువ్వు గింజలు దోరగా వేయించేదానివి. ఆ వేడికి గింజలోని చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి పైరజీన్లనే వాసన పదార్థాలు పుడతాయి. నీ నూనెకు ఆ కమ్మదనం వాటివల్లే. ఫ్యాక్టరీవాళ్లు కాగే నూనెలోకి ఆవిరి పంపి వాటిని తరిమేస్తారు. ఏదో మురికి వదిలించినట్టు దానికి శుద్ధి అని పేరు.

వాడు నీ ఫోటో ఉన్న గది తలుపు మూయబోయాడు. పోయిన పెద్దలొచ్చి వాసన మాత్రమే తిని పోతారని, అందాకా తలుపు మూసి బయట ఉండాలని మాకు నేర్పింది నువ్వే కదా.

"ఉండే ఆ ఒక్క వాసనా తీసేసిన నూనె పోసినావు. ఇంక అమ్మ ఏం తినల్లరా?" అన్నాను.

నేను బాణలి పొయ్యి మీద పెట్టి, వాడి చేలో గింజలే వేయించి, పొగలు కక్కుతుండగా తెచ్చి నీ ఆకులో పోశాను. తలుపు నేనే మూశాను.

నిదానంగా తినమ్మా.