కాలితో చెరిపిన సముద్రం

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
దొరువుల పట్టపుపాళెం ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని కరుణాకుమారి వ్రాసుకొనునది.

అయ్యా,

విషయం: తమరు బూటుకాలితో చెరిపివేసిన సముద్రమును తమ సమక్షంలోనే తిరిగి గీయించుట గురించి.

సూచిక: “దిక్కులు కూడా నేర్పలేని ఉపాధ్యాయిని” అంటూ తమరు నాకిచ్చిన మెమో.

తమ మీద ఫిర్యాదునైనా తమ ద్వారానే పంపుకోవాలట. కావున తమకే సమర్పించుకుంటున్నాను. చదివితే తమకు ఒళ్ళు మండుతుంది. నాకు పదకొండు రోజులుగా మండుతూనే ఉన్నది.

1. ఈ నెల 7వ తేదీ సోమవారం తమరు తనిఖీకి విచ్చేసిన సమయమున అయిదవ తరగతికి పరిసరాల విజ్ఞానంలో, అంటే పిల్లల మాటలో సోషల్‌లో, ‘మన ఊరి పటం’ పాఠం జరుగుచున్నది. ఈ పాఠానికి నాకున్న సామగ్రి గోడమీద వేలాడే ఒక రాష్ట్రపటం. అందులో మా ఊరు ఉండవలసిన చోట మేకు దిగి ఉన్నది. అందుచేత గచ్చుమీద సుద్దముక్కతో గీయించితిని. గీసిన పిల్ల పేరు చిట్టి, పదేళ్ళు, చేపలవేటకు పోయే రమణయ్య కూతురు.

2. చిట్టి పటంలో సముద్రం పైన ఉన్నది. దాని కింద పడవలు, తర్వాత చేపలు ఎండబెట్టే దిబ్బ, ఇళ్ళు, బడి, ఐసు గోడౌను, సరుగుడు తోట, అట్టడుగున బస్సు రోడ్డు. ఈ ఊళ్ళో ప్రతి ఇంటి వాకిలీ సముద్రం వైపే. నిద్రలేచి తలుపు తీస్తే ఎదురుగా కనపడేది అదే. ఆ పిల్ల తనకు కనపడినట్టు గీసింది. పైన ‘తూ’ అని, ఎడమ పక్క ‘ఉ’ అని గుర్తులు కూడా రాసింది. పటాన్ని ఏ పక్కకు తిప్పి గీసినా దిక్కు గుర్తు సరిగా ఉంటే పటం సరైనదే. ఈ సంగతి తమకు తెలియదని తమరు మా బడిలోనే, ముప్పై మంది పిల్లల ముందర నిరూపించుకున్నారు.

3. తమరు రాష్ట్రపటం చూపి “సముద్రం ఏ పక్కరా?” అని అడిగితే తరగతి మొత్తం “ఎదురుగా సార్!” అని అరిచిన మాట వాస్తవం. అది తప్పే, నా తప్పే. దానికి మెమో ఇవ్వండి, సంతకం పెట్టి తీసుకుంటాను.

4. కానీ తమరు చేసిందేమిటి? “ఉత్తరం పైనుండాలని తెలీదా? పడవలు తోసుకునే మొహాలకి మ్యాపులొకటా!” అని, ఎడమకాలి బూటుతో సముద్రాన్ని తుడిచేశారు. తర్వాత పడవలు. తర్వాత చిట్టి ఇల్లు. పిల్ల ఆ బూటు వైపే చూస్తూ నిలబడింది, సుద్దముక్క చేతిలోనే ఉన్నది. ఛీ! ఎవరైనా చేసే పనేనా అది?

5. అప్పుడు తమరు నా వైపు తిరిగి “ఏమ్మా, తప్పా కాదా?” అన్నారు. నేను “ఎస్ సార్” అన్నాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నోటికి అలవాటైపోయిన మాట అది. తమకంటే నేనే ఎక్కువ పాపం చేశాను. ఈ క్రమసంఖ్య క్రింద ఫిర్యాదు నా మీద.

6. మరునాటి నుండి చిట్టి బడికి రాలేదు. నాలుగుసార్లు ఇంటికి పోయినాను. తల్లి నాగులమ్మ చేపలు తిరగేస్తా తలెత్తకుండానే చెప్పింది: “ఏం జేయమంటావు మేడమ్? రానంటే రానంటాది. సోమవారం మా వదినతో బోగోలు పక్క రొయ్యల షెడ్డుకి పంపిస్తా. యాడుంటే ఏముంది, కడుపు నిండితే చాలు.”

నేను చిట్టినే అడిగినాను. “నువ్వు గీసింది కరెక్టే మే. సారుకే తెలియదు. రా, పోదాం.”

“కరెక్టయితే ఆ పొద్దు ఎందుకు జెప్పలేదు మేడమ్? మీరు గూడా ఎస్ సార్ అన్నారు గదా.”

దీనికి జవాబు ఏ శిక్షణ తరగతిలో నేర్పించారో తమరే సెలవియ్యాలి. నేను తలొంచుకుని తిరిగి వచ్చినాను.

7. కావున నా మనవి ఒక్కటే. మెమో రద్దు చేయమని అడగను. దానిని తమ దగ్గరే భద్రంగా పెట్టుకోండి. ఈ రోజు శుక్రవారం. సోమవారం తెల్లవారేలోగా తమరు ఈ ఊరికి రావాలి. చిట్టి ఇంటి ముందు నిలబడి, “నీ పటం సరైనదే, తప్పు నాది” అని ఆ పిల్లకు వినపడేటట్టు చెప్పాలి. ఆ తర్వాత నేను చెబుతాను, నా వంతు మాట; సముద్రాన్ని తమ ముందే ఆ పిల్ల చేత తిరిగి గీయిస్తాను. ముందుగా నేనే చెప్పినాను, నమ్మడం లేదు. తమరి ముందు చెబితే నమ్ముతుంది. తమరు రాకపోతే ఆ పిల్ల సోమవారం రొయ్యలు ఒలుస్తుంది. అప్పుడు ఇదే అర్జీ పైఅధికారికి పోతుంది, ఆ ‘ఎస్ సార్’తో సహా.

ఇంతకంటే మర్యాద నా దగ్గర మిగలలేదు. చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఆ పొద్దు వరకు),
కరుణాకుమారి

తా.క.: ఆ పొద్దు తిరిగి పోయేటప్పుడు తమరు ఫోనులో మ్యాపు చూసుకుంటూ సరుగుడు తోట దారిన పోయినారు. ఆ దారి కిందటి ఏడాది వానలకు తెగింది. చిట్టి పటంలో అక్కడ ఇంటూ మార్కు కొట్టి ‘బండి దిగబడుద్ది’ అని రాసి ఉన్నది. తమరి బూటు అంతదూరం పోలేదు, తమరి చూపూ పోలేదు. బురదలో దిగబడిన జీపును వలతాడు కట్టి లాగిన అయిదుగురిలో ఒకరు రమణయ్య. తమరు “పాపా, బస్సు రోడ్డు ఏ పక్క?” అని అడిగితే ఐసు గోడౌను వైపు చెయ్యి చూపించింది చిట్టి. బడి నుండి ఏడుస్తూ నాయన దగ్గరికి పోయి ఆయన వెంటే ఉండిందట. తమరు ఆ పిల్లను గుర్తుపట్టలేదు, చూపించిన దారిన పోయి రోడ్డెక్కినారు.

నిన్న వాళ్ళింటి నుండి నేను లేచి వచ్చేటప్పుడు చిట్టి వాకిట్లోకి వచ్చి అడిగింది, “సారు ఇంటికి చేరినాడా మేడమ్?” అని.