బోణీకి పోయిన నీ నీడ

అమ్మీ సుజాతా, నీ ఫోటో అమ్ముడైపోయిందే! బోణీయే పదివేలు!

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నువ్వు నందపూర్ సంతలో తీసిన ఫోటోలను నీ స్నేహితులు కోరాపుట్‌లో గోడకి వరసగా పెట్టి, ధరలు నన్నే వేయమన్నారు. అల్లం అమ్ముకునేవాడికి ఫోటో ధర ఏం తెలుస్తుంది? కాగితానికీ ఫ్రేముకీ అయినదానికి కాస్త కలిపి అన్నిటికీ ఐదొందలు వేశాను. ఒక్కదానికి మాత్రం పదివేలు వేశాను. అల్లం గుట్ట మీద నీ నీడ పడిన ఫోటో అది. దాని అసలుది నీ ఫోనుతోపాటే పోయింది, ఉన్నది ఆ ఒక్క కాపీ. ఇవ్వడం ఇష్టం లేని దూడకి సంతలో కొండంత ధర చెప్తాం కదా, అలా చెప్పాను.

రాయగడ టీచరమ్మ ఒకామె వచ్చి తిన్నగా దాని ముందే నిలబడింది.

"ఇదే కావాల బాబూ," అంది.

"పదేలమ్మా. పక్కది సూడు, సవక," అన్నాను.

"అక్కర్లేదు. ఈ నీడ ఎవులిదో గాని, ఒగ్గేసి ఎల్లబుద్ధి కావట్లేదు," అని డబ్బు తీసింది.

బేరమైనా ఆడలేదమ్మీ! చెప్పిన ధర చేతిలో పెడితే, అందులోనూ బోణీ, కాదనడం ఎలాగ? నా చేతులతోనే కాగితం చుట్టి ఇచ్చాను. తరవాత ఆమె ఆటో వెనక సందు చివరిదాకా పరిగెత్తాను. పిలుద్దామంటే పేరైనా అడగలేదు.

ఇంత మంచి కబురు అందరికీ చెప్పాలి. కొల్నార అత్తకి, గుణుపూర్ బాబాయికి, లక్ష్మీపూర్ మావయ్యకి. ఇంకా, సాయంత్రానికి ఆ ఫోటో తిరిగి తెచ్చేస్తానని నేను మాటిచ్చి వచ్చిన మీ అమ్మకి.