మంచి చేతికి కట్టు

మార్చి 4, మంగళవారం. వంట, బట్టలు, మిరపకాయలు ఎండబోయడం అయ్యాయి. మా ఆయన పక్షవాతం వచ్చిన కుడిచేత్తో తొడిమలు తీశారు. అలా చేయించమన్నది మా చెల్లెలే. దెబ్బతిన్న మెదడు మళ్లీ ఎలా నేర్చుకుంటుందో ఏళ్ల తరబడి ఎలుకల మీద పరిశోధించింది. అందుకే, కుడిచెయ్యే పనిచేసి తీరేలా, పగలంతా ఆయన ఎడమచేతిని తువ్వాలుతో కట్టేస్తున్నాను. చూసినవాళ్లు నన్ను రాక్షసి అనుకుంటారేమో.

సాయంత్రం కట్టు విప్పాక చెల్లెలు వీడియో కాల్ చేసింది.

"ఏం బావగారూ, మీకంటే నా ఎలుకలే నయం. సణక్కుండా చేసేవి!"

"పోవే, ఎలుకల డాక్టరూ!" అంటూ ఆయన ఫోను మీదికి మిరపకాయ విసిరారు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నా, కుడిచేత్తోనే!

వేళ్లు పూర్తిగా స్వాధీనంలోకి వస్తాయో రావో చెల్లెలూ చెప్పలేనంది...

"రేపు ఇంకాసిని తీస్తాలే, డాక్టరమ్మా," అన్నారాయన. ఇన్నేళ్లూ ఆయన దాని చదువును వెక్కిరించిన బాకీ ఇవాళ్టితో తీరింది.