బుట్ట పోయి చీపురొచ్చింది

చీరాల, ఆదివారం రాత్రి

మొన్న అత్తయ్య కంప్యూటర్లో చీర అంచు గీసి, బుట్ట కనబడింది కదా అని రీసైకిల్ బిన్‌లో భద్రంగా దాచుకుంది. చెత్తనుకుని మా ఆయన ఖాళీ చేసేశారు. ఇక మౌసు ముట్టనని అత్తయ్య అలిగింది.

మళ్ళీ పొరపడకుండా తెర మీది ఆ బుట్ట బొమ్మే మారుద్దామంటే మామూలు ఫోల్డరుకి మార్చినట్టు కుదరలేదు. వెతగ్గా వెతగ్గా డిస్‌ప్లే సెట్టింగుల లోపల దారి దొరికింది. అత్తయ్యని బతిమాలి, ఆవిడ చేతే చీపురు గీయించి అక్కడ పెట్టాను. ఏదో పడేయగానే మళ్ళీ బుట్టే వచ్చింది! నిండిన బుట్టకి వేరే బొమ్మ ఉంటుందట. అదీ మార్చాను.

ఈ రోజు అత్తయ్య నచ్చని అంచుని తనే చీపురు మీదికి లాగింది. సిస్టమ్ ఫార్మాట్ చేస్తే బుట్ట తిరిగొస్తుందేమో... అయినా పక్కింటావిడతో అత్తయ్య అన్న మాట చాలు: "మా కోడలు కంప్యూటర్ మెడలు వంచిందే!"