పసుపు కింద నంబరు

12 ఫిబ్రవరి 1991, మంగళవారం

నేను చెబుతున్నాను, కోడలు బుజ్జమ్మ రాస్తోంది. నాకు చదువు రాదు. నా మాటను నున్నగా చేసి రాయొద్దని ముందే చెప్పాను.

మాది గద్వాలలో రెండు మగ్గాల ఇల్లు. కొడుకు హనుమంతుకు మగ్గం గుంటలో కాలు నిలవదు. టాక్సీ నడుపుతాడట. సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొన్నాం. ఇల్లూ కారూ రెండూ నా పేరు మీదే ఉన్నాయి. కారు ఎవరినైనా గుద్ది, ఇన్సూరెన్స్ లేకపోతే ఇల్లే పోతుంది.

ఈరోజు జమ్ములమ్మ గుడి దగ్గర బండికి పూజ చేయించాం, నిమ్మకాయలు తొక్కించాం. కొబ్బరికాయల అంగడి పక్కన ఒక ఏజెంటు సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. పాలసీ పోస్టులో వస్తుందట, అందాక కవర్ నోట్ అనే చీటీ చెల్లుతుందట. ఆఫీసులో అయ్యేదాంట్లో సగానికే చేస్తానన్నాడు. "తల్లి సన్నిధిల అబద్ధం చెప్తనా అవ్వా" అన్నాడు.

చీటీ రాసి, పై మూలకు పసుపు పూసి, కుంకుమ అద్ది, మడిచి ఇచ్చాడు. కారులో అమ్మవారి పటం వెనక పెట్టుకోవాలట. పూజలో పెట్టింది విప్పరాదట. హనుమంతు కళ్ళకద్దుకున్నాడు. నేనూ అద్దుకున్నాను.

13 ఫిబ్రవరి

సగం ధరకు వచ్చే పట్టు పట్టు కాదు. నిన్న ఈ మాట నాకెందుకు తట్టలేదు?

15 ఫిబ్రవరి, మధ్యాహ్నం

అయిజ రోడ్డులో జీపు నడిపే పెంటయ్య వచ్చాడు. నెల కింద అతనూ ఆ ఏజెంటు దగ్గరే చేయించాడట. "పక్కా మనిషి చిన్నమ్మా" అన్నాడు. నీ చీటీ తెచ్చి చూపించమన్నాను. అదే మూల, అంతే పసుపు.

కొత్త చీరకు మేమూ పసుపు పెడతాం. కొంగు మూలకు ఆవగింజంత. వీడేమో వేలెడు పొడుగున మందంగా మెత్తాడు. భక్తి అంత పొడుగుంటుందా?

తడిగుడ్డ తెమ్మన్నాను. హనుమంతు ఎగిరిపడ్డాడు. "అమ్మోరి పసుపు తుడుస్తరానే అమ్మా, కండ్లు పోతయి" అన్నాడు. "పోతే నాయే పోతయి, అరవై ఎనిమిదేండ్లు వాడిన కండ్లు, నీకేంది" అన్నాను. పెంటయ్య లెంపలేసుకుని గడప అవతలికి పోయాడు. బుజ్జమ్మ ఒక్కతే గుడ్డ తడిపి తెచ్చింది. తన గురించి రాయనంటోంది. రాయమన్నాను.

రెండు చీటీలూ పక్కపక్కన పరిచి తుడిచాను. అచ్చు అంకెలు తేలాయి. నాకు అంకెలు రావు, డిజైన్ వస్తుంది. గ్రాఫు కాగితం చూస్తూ నలభై ఏళ్ళు బుటాలు నేసినదాన్ని. ఎడమ చీటీలో ఒంపులు ఏ వరసలో ఉన్నాయో కుడి చీటీలోనూ అదే వరస. ఇవి రెండూ ఒక్కటే కదనే అన్నాను. బుజ్జమ్మ పైకి చదివింది. ఒకటే నంబరు.

పెంటయ్య గడప దాటి వచ్చి రెండు నంబర్లూ తనే మళ్ళీ చదివాడు. "నెల సంది ఉత్త కాయితం మీద మందిని ఎక్కించుకుంటున్ననా చిన్నమ్మా" అన్నాడు.

16 ఫిబ్రవరి

పెళ్ళివాళ్ళు కారు అడగడానికి వచ్చారు. కదలదన్నాను. హనుమంతు అన్నం తినలేదు. తినకపోనీ.

18 ఫిబ్రవరి, సోమవారం

కంపెనీ బ్రాంచికి నేనే పోయాను. అసలు పుస్తకంలో ఒక నంబరు ఒక్క చీటీకే ఉంటుందట, ఇవి దొంగ అచ్చులట. ఏజెంటు లైసెన్స్ అడగాలట, డబ్బు రసీదు కంపెనీ పేరున తీసుకోవాలట, అనుమానం వస్తే నంబరు చెప్పి ఆఫీసులోనే కనుక్కోవాలట. చదువు రానివాళ్ళు చదువుకున్నవాళ్ళను వెంట తెచ్చుకోవాలమ్మా అని కూడా అన్నాడు మేనేజరు. "మా పెంటయ్య పది పాసైండు సారూ, ఆయన్నే ముంచిండు" అన్నాను. కుర్చీ వేయించాడు.

పూర్తి ధర కట్టి వేలిముద్ర వేశాను. పెంటయ్య కూడా కట్టాడు. కొత్త చీటీల మీద నంబర్లు వేరువేరు. నేనే చూశాను.

19 ఫిబ్రవరి, మంగళవారం

కానిస్టేబుల్‌ను తీసుకుని గుడికి పోయాం. ఏజెంటు అక్కడే ఉన్నాడు, మరొకరి చీటీకి పసుపు పూస్తున్నాడు. నీ పసుపు తుడిచానని చెబితే, "పాపం తగుల్తది అవ్వా" అన్నాడు. "నాకేం తగల్లే గని, నీ ఎనక ఎవరున్నరో చూడు" అన్నాను. చూశాడు.

3 మార్చి, రాత్రి

అయిజ దగ్గర మన కారు స్కూటరును గుద్దింది. స్కూటరు మనిషికి కాలు విరిగింది. దవాఖానలో ఉన్నాడు, ప్రాణానికి భయం లేదన్నారు. హనుమంతే ఇంటికొచ్చి చెప్పాడు. తిట్టలేదు, మంచినీళ్ళిచ్చాను.

4 మార్చి

బుజ్జమ్మ చదివితే కంఠతా పట్టిన నంబరు బ్రాంచిలో చెప్పాను. మేనేజరు పుస్తకం తిప్పి, ఉందమ్మా, ఆ మనిషి ఖర్చులు కంపెనీ చూసుకుంటుంది అన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. ఇంకోసారి చూశాడు. ఉంది.

దవాఖానకు పోయి ఆ మనిషికి దానిమ్మపండ్లు ఇచ్చి వచ్చాను. ఆయన భార్య నన్ను తిట్టింది. తిట్టించుకున్నాను.

5 మార్చి, తెల్లవారుజామున

నిద్ర లేచి, మా ఇంటి గోడలన్నీ చేత్తో తడుముతూ ఒక చుట్టు తిరిగాను. బుజ్జమ్మ నవ్వుతోంది. నవ్వనీ.