కుంచం మీది కుప్ప

మార్గశిర శుద్ధ తదియ, లక్ష్మివారం

ఈ ఉదయం రాసుకోవాలి. ఏమీ జరగలేదు కనుకనే.

చీకటుండగా లేచాను. నూతి దగ్గర చన్నీళ్లు. దీపం. వీధి తలుపు గడియ తీసి, నామం చెప్పుకుంటూ వాకిలి అలికాను. మరదలు పార్వతి బియ్యప్పిండితో గుమ్మం నుంచి పీట దాకా లక్ష్మీపాదాలు వేసింది. తమ్ముడు జగన్నాథం ధాన్యం కొట్టు నుంచి కొలిచే కుంచాలు రెండూ తెప్పించాడు, ఏటా తెప్పించినట్టే. మార్గశిరంలో మా ఇంట కుంచమే అమ్మవారు. వెడల్పుది ధాన్యం కొనడానికి. సన్నగా పొడుగ్గా ఉండేది అమ్మడానికి. చింతపండేసి తోమడం నా పని. కొత్త ధాన్యం నింపి పూజ చేయడం పార్వతి పని. దానికి బొట్టున్న చేతులు కావాలి. తోమడానికి అక్కర్లేదు.

తమ్ముడి కూతురు కనకం అరుగు మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. ఈ పిల్లకి ఈ ఏడు గడిస్తే పై చదువు. పంపిస్తానని తండ్రి మాట ఇచ్చాడు. బడిలో టీచరమ్మ పని చెప్పిందట — ఇంట్లో ఘనరూపాలు వెతకాలి, పేర్లు రాయాలి. ఒక్కోదాని పైన ఎంత కాగితం పడుతుందో, లోపల ఎంత సరుకు పడుతుందో లెక్క కట్టాలి.

"ఇటుక — దీర్ఘఘనం. నిమ్మకాయ — గోళం. కుంచం — స్థూపం."

పసుపు గౌరమ్మ దగ్గర ఆగింది. కళ్లకద్దుకుని మరీ, "శంకువు" అంది.

"నోర్ముయ్యే, దేవుడికి లెక్కలేటి!" అని పార్వతి. నాకు నవ్వొచ్చింది.

తోమి ఆరబెట్టిన కుంచానికి కాగితం చుట్టి విప్పింది. "గుండ్రంగా ఉన్నది ఇప్పితే పలకయిపోనాది, సూడత్తా." చూశాను. నిజమే. ఏభై దాటాక ఒక కొత్త సంగతి... పూజ అవుతున్నంతసేపూ మనసు ఆ కాగితం మీదే. క్షమించు తల్లీ.

పాయసం తిని జగన్నాథం బడా బజారులో కొట్టుకి వెళ్లాడు. బండి వచ్చి కనకం బడికి వెళ్లింది. అంతే. మామూలు ఉదయం.

శుద్ధ పంచమి, శనివారం

కనకం లెక్క చదివి వినిపించింది. వెడల్పు కుంచం అడ్డం పన్నెండంగుళాలు, లోతు నాలుగు. సన్నది అడ్డం ఎనిమిది, లోతు తొమ్మిది. "లోపల పట్టీది రెండిట్లోనూ ఒకటేనత్తా! పైరేకు కూడా ఇంచుమించు ఒకటే." చూడ్డానికి ఎంత వేరు, పట్టడానికి ఎంత సమానం. నాన్న పెట్టిన కొట్టు... సంతోషం కలిగింది.

శుద్ధ దశమి, లక్ష్మివారం

అమ్మవారికి అంచు దాకా పోస్తే చాలదు. కుప్ప కట్టాలి. పార్వతి రెండు కుంచాల మీదా పోసింది. గింజ జారినంత జారి, నిలిచినంత నిలిచింది.

హారతి అయింది. కనకం లేవలేదు. కుంచాల వంకే చూస్తోంది.

"అత్తా... కుప్పలు రెండూ శంకువులే. కానీ ఒకటి కావు."

అగరొత్తి పుల్ల నడిమధ్యన గుచ్చి ఎత్తు చూసింది. వెడల్పుదాని మీద మూడంగుళాలు. సన్నదాని మీద రెండు. తర్వాత వంటింట్లో పప్పుల డబ్బా ఖాళీ చేసి, అంతే అడ్డం, అంతే ఎత్తు ఉన్న కాగితపు శంకువు చుట్టి, ధాన్యంతో నింపి డబ్బాలో పోసింది. మూడుసార్లకి నిండింది. శంకువంటే స్థూపంలో మూడో వంతు. నా చేత్తో నేనూ పోసి చూశాను.

ఆ లెక్కన వెడల్పుదాని మీది కుప్ప సరిగ్గా పావు కుంచం. సన్నదాని మీది కుప్ప అందులో మూడో వంతు కూడా లేదు.

కొట్లో కొన్నా, అమ్మినా కుప్పకొలతే.

రైతు నాలుగు కుంచాలు కొలిస్తే అయిదోది ఊరికే మన ఇంటికొస్తోంది. మన దగ్గర కొనుక్కునేవాడికి మనం పైన పోసేది చారెడు.

"నాన్నకి సెప్పనా?" అంది కనకం. లెక్క తప్పు దొరికిన సంబరం దాని మొహంలో. నేను చెప్తానన్నాను.

శుద్ధ ఏకాదశి, శుక్రవారం

ఉపవాసం. జగన్నాథానికి చెప్పాను.

"ఏటప్పా నువ్వు కూడాను! రెండు కుంచాల మీదా సర్కారు ముద్రుంది."

"ముద్ర అంచు దాకానే రా. పైన కుప్పకి లేదు."

"బజారంతా ఇంతే." తర్వాత, మెల్లిగా — "ఇన్నాళ్లూ నువ్వు తిన్న అన్నం ఏ కుంచంలోదనుకున్నావు?"

అందుకే అడుగుతున్నానన్నాను.

గుమ్మం దాటబోతూ ఆగాడు. "దాన్ని బడికి పంపినందుకు నాకు బుద్ధొచ్చింది. పుష్యం రానీ, మాన్పించేస్తాను."

కనకం తలుపు వెనకే ఉంది.

ద్వాదశి

పారణ. కొట్టు బియ్యం వద్దన్నాను. అటుకులు చాలన్నాను. "అటుకులూ ఆ ధాన్యమే కదా వదినా" అంది పార్వతి, నవ్వు ఆపుకుంటూ. అరటిపళ్లు తిన్నాను.

త్రయోదశి, ఆదివారం

అంకులి ఊరి ఒడియా రైతు దండాసి పెరటి గుమ్మంలో కంద పెట్టి వెళ్లబోయాడు. నన్ను నానీ అంటాడు, వాళ్ల భాషలో అక్క అని — మా తమ్ముళ్లు అప్పా అన్నట్టు. ఆపి అడిగాను — మా కుంచం సంగతి మీకు తెలుసునా?

నవ్వాడు. "సే మాణొర పేటొ బొడొ, నానీ." ఆ కుంచం పొట్ట పెద్దదట. ఊళ్లో దానికి పేరు కూడా పెట్టుకున్నారట — గణపతి. సన్నదాని పేరు సన్నాసి. "కొన్నపుడు గణపతి తింటాడు. అమ్మినపుడు సన్నాసి పెడతాడు."

మరి అడగరేం?

"ఏ కొట్టు కెల్లినా గణపతే కద నానీ."

అందరికీ తెలుసు. దేవుడి గదిలో కూర్చున్నదానికి తప్ప.

పున్నమి, మంగళవారం

కొనుబడి రోజు. జపం ముగించాను. అప్పడాల కర్ర కడిగి, తుడిచి, పైట కింద పెట్టుకుని బడా బజారు నడిచాను. నాన్న పోయాక ఆ కొట్టు మెట్టెక్కడం ఇదే మొదలు.

వరసలో దండాసి ముందున్నాడు. కుంచం నిండింది. కొలిచేవాడు కుప్ప పోస్తున్నాడు. కర్ర అంచు మీద ఆనించి ఒక్క తోపు తోశాను. కుప్పంతా పక్కనే ఉన్న దండాసి గోతాంలోకి జారింది.

"అప్పా!" జగన్నాథం లేచి వచ్చాడు.

"ఇలాగ కొలవరా. అమ్మినపుడూ ఇలాగే. నీది కానిది తప్ప నీకేటీ పోదు."

"అప్పా, ఇంటి కెల్లు. జనం సూస్తన్నారు."

"సూడనీ."

ఎదురు కొట్లోంచి ఎవరో — "ఏటి జగన్నాథం, ఈవేళ నుంచి అప్పడాలు కూడానా?" నవ్వులు. నేనూ కాస్త నవ్వాను. కొలిచేవాడు జగన్నాథాన్ని చూశాడు. జగన్నాథం గోడని చూశాడు. ఇంకో కుంచం నిండింది. తోశాను.

నామం ఒకటి, తోపు ఒకటి. వరస అయిందాకా నిలబడే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి భుజం లాగేస్తోంది. మనసు తేలిక.

బహుళ పాడ్యమి, బుధవారం

జగన్నాథం నా ముఖం చూడకుండా కొట్టుకి వెళ్లాడు. పార్వతి మాత్రం ఆకు వేసి అన్నం పెట్టింది. "నిన్న మీరు కొలిపించిన ధాన్యమే, దంపించాను. తినండి వదినా." తిన్నాను.

కనకం బండి ఇంకా వస్తోంది.

బహుళ విదియ, లక్ష్మివారం

కుంచాలు వచ్చాయి. సన్నదొక్కటే తోమాను. వెడల్పుదాన్ని ధూళితోనే వసారాలో వదిలేశాను. పార్వతి చూసింది. ఒక్క కుంచంతోనే పూజ చేసింది, కథ చెప్పుకుంది, అక్షింతలు వేసుకుంది.

మధ్యాహ్నం ఛత్రపురం నుంచి చిన్న తమ్ముడు సింహాచలం దిగాడు. జగన్నాథం పిలిపించాడట. దీపాలు పెట్టాక నడవలో కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు, ఎదురుగా.

"నిన్న రైతులు పక్క కొట్లకెల్లి, మాకూ కర్ర తోయండన్నారట. బజారంతా నా మీద పడింది. కొట్టు మూసుకోనా?"

"కుంచం మార్సీ అన్నయ్యా. అప్పతో గొడవేటి" అని సింహాచలం. అని, నా వైపు తిరిగి — "నువ్వు కూడా అప్పా... బజారుకెల్లాలా? ఇంట్లో సెప్తే సరిపోను."

"సెప్పాను. సరిపోలేదు."

జగన్నాథం తొడ మీద కొట్టుకున్నాడు. "మా అమ్మలాగ పెంచింది, ఏటీ అనలేను. అదే కదా దీని ధైర్యం!"

నిజమే.

అప్పుడు గుమ్మం అవతల నుంచి పార్వతి — ఇన్నేళ్లలో మగవాళ్ల మధ్య ఆ పిల్ల నోరెత్తడం ఎరగను — "అమ్మవారు ఈవేళ ఒక్క కుంచంలోనే కూర్సుంది. ఇల్లేటీ కూలిపోలేదు."

జగన్నాథం ఆమె వంక చూశాడు. ఆమె తల దించలేదు.

చాలాసేపటికి తేల్చారు. వెడల్పు కుంచం ఇక కొట్టుకి వెళ్లదు. కొన్నా, అమ్మినా సన్నదానితోనే. నేను కొట్టు మెట్టెక్కకూడదు. కనకానికి రేపటి నుంచి బడి బందు. పుష్యం దాకా కూడా ఆగడట. "ఈ ఇంట్లో ఒక్క అప్ప సాలు నాకు. రెండో అప్పని తయారు సెయ్యను."

మొదటిదానికి తలూపాను. నేను బజారుకి వెళ్లకూడదన్నదానికీ ఊపాను. బడి మాటకి ఊపలేదు. ఎవరూ గమనించినట్టు లేదు.

అందరూ లేచి వెళ్లాక కనకం వచ్చి నా పక్కన నిలబడింది. ఏడవలేదు.

"రేపు గోళం పాఠమత్తా."

పలక కడిగి పెట్టుకోమన్నాను. వీధి తలుపు గడియ తీసేది రోజూ నేనే. రేపు బండి వేళకీ నేనే.